‘స్టాక్ సరిగ్గా చూపించాలి’ అంటే ఎంత చూపించాలి?

ప్రశ్న: కోఠీలో మాది మందుల హోల్‌సేల్ షాపు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీతో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయించుకున్నాం. స్కీమ్‌లు (ఇన్ని కొంటే ఇన్ని ఉచితం) ఇస్తామని నోటితో చెప్పాం, ‘స్టాక్ సరిగ్గా చూపించాలి’ అని రాసిచ్చాం. ఏది చెప్పినా ‘అయిపోతుందండీ’ అన్నారు. డెమోలో బాగానే ఉంది, కౌంటర్లో పెట్టాక లెక్క తేడా వస్తోంది. అడిగితే ఇది కొత్త పని, వేరే డబ్బులంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ‘సరిగ్గా’ అన్న మాట పట్టుకుని ఎవరూ కోడ్ రాయలేరండీ. రాసింది సరిపోయిందో లేదో తేల్చనూ లేరు. మందుల వ్యాపారం ఎరగని డెవలపర్‌కి బిల్లు చేసినన్ని తీసేస్తే మిగిలిందే స్టాక్. అందుకే అంకెలతో చెప్పాలి.

ఒక బ్యాచ్‌లో 110 స్ట్రిప్పులున్నాయి. 10కి 1 ఉచితం స్కీమ్‌లో 50 అమ్మారు. బిల్లు 50కే, షాపు నుంచి వెళ్లేవి 55. మిగలాల్సింది 55. సాఫ్ట్‌వేర్ 60 చూపిస్తే ఉచితంగా ఇచ్చిన 5 ఎక్కడా తగ్గలేదన్నమాట. మర్నాడు అదే మందు పాత బ్యాచ్‌వి 3 స్ట్రిప్పులు ఎక్స్‌పైరీ అయి వాపసొచ్చాయి. అమ్మకపు స్టాక్ 55 దగ్గరే ఆగాలి, ఆ 3 విడిగా కనిపించాలి. 58 అయిందంటే గడువు దాటిన మందు మళ్లీ ఎవరికో బిల్లవుతుంది!

పన్ను దగ్గరా ఇదే చిక్కు. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు 12 శాతంతో అమ్మిన సరుకు వాపసొచ్చి, ఆ బిల్లు మీదే క్రెడిట్ నోట్ (వాపసు సరుకు విలువను బిల్లులోంచి తగ్గిస్తూ ఇచ్చే చీటీ) ఇస్తే అందులో 12 శాతమే పడాలి. రేటును మందు పేరుకే కట్టేసి ఉంటే 5 పడుతుంది. ఆనాటి రేటు బిల్లుతోపాటే భద్రపరచాలి.

ముందు పాత బిల్లులు ఓ పదిహేను ఏరండి. సాఫీగా సాగినవి నాలుగు చాలు, మిగతావన్నీ గొడవ పెట్టినవే కావాలి. డెవలపర్‌ని రద్దీ వేళ రెండు గంటలు బిల్లు కొట్టే కుర్రాడి పక్కన కూర్చోబెట్టండి. సరుకు ముందు పంపేసి బిల్లు తర్వాత కొట్టడంలాంటి అలవాట్లు అక్కడే బయటపడతాయి, మీ నోట రావు. ఒక్కో బిల్లుకీ ‘ముందు ఇంత ఉంది, ఇది చేశాం, ఇంత రావాలి’ అని మూడు గడులు గీయండి. మూడో గడి మీరే నింపాలి. ఆ తర్వాత డెవలపర్‌ని తన మాటల్లో తిరిగి చెప్పమనండి. ‘బ్యాచ్ నంబరు చిరిగిపోయిన స్ట్రిప్పు వాపసొస్తే ఏం చేస్తారు?’ లాంటి ఎదురు ప్రశ్నలు రాకపోతే పని ఇంకా ఎక్కలేదనే అనుకోండి. ‘బిల్లు త్వరగా రావాలి’ అనకండి, 40 ఐటమ్‌ల బిల్లు ఎన్ని సెకన్లలో ప్రింటవ్వాలో అంకె వేయండి.

ఇక డబ్బు. స్కీమ్ సంగతి ముందే చెప్పారు కాబట్టి ఉచిత స్ట్రిప్పులు తగ్గకపోవడం లోపమే, వాళ్లు ఊరికే సరిచేయాలి. క్రెడిట్ నోట్ అసలు మాటల్లోకే రాకపోతే అది కొత్త పని, డబ్బివ్వడం న్యాయం. చివరి వాయిదా మాత్రం ఆ పదిహేను బిల్లులూ మీ కుర్రాడే కొట్టి, మూడో గడిలో అంకెలు కుదిరాకే ఇస్తామని ఇప్పుడే రాసుకోండి.