వరంగల్ పార్కుల్లో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకవచ్చా?

ముందు కోట సంగతి తేల్చుకోండి. వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం నిర్మాణాల విషయంలో చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ డిటెక్టరుతో తిరిగితే గుప్తనిధుల వేటగాడనే అనుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. మామూలు పార్కులోనైనా తవ్వాలంటే దాన్ని చూసుకునే వారి అనుమతి కావాలి.

పరికరం పని సులువే. దాని తీగచుట్ట నుంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది, లోహంలో విద్యుత్ సుడులు పుడతాయి, వాటి స్పందనే చెవిలో మోత. వెండి, రాగి నాణేలు స్పష్టంగా పలుకుతాయి. ఇబ్బందల్లా సోడా మూతలు, గుట్కా పొట్లాల రేకు. పదిసార్లు తవ్వితే తొమ్మిదిసార్లు అవే! మన స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి ఇనుప మేకులా మోగి బోల్తా కొట్టిస్తుంది.

అదృష్టం బాగుండి చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం దొరికితే చింతపండుతో తోమకండి, పైపొర పోయి విలువ పడిపోతుంది. పాతిపెట్టిన నిధి కనిపిస్తే తవ్వడం ఆపి కలెక్టరుకు తెలపాలి. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో నేల చదును చేస్తుండగా బయటపడిన నగల బిందెను అధికారులే స్వాధీనం చేసుకున్నారు.