జూలై బ్యాచ్‌కి తగ్గింపు ఎందుకిస్తున్నారంటే...

ప్రశ్న: రాజమండ్రిలో జూనియర్ కాలేజీ హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు 61, మావారికి 64. వియన్నాలో ఎనిమిది రోజుల ఒపెరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం), ఆర్ట్ గైడెడ్ టూర్‌కి వెళ్లాలని ఎప్పటినుంచో ఉంది. మనిషికి 3.85 లక్షలు, విమానం ఛార్జీలు వేరే. ఈ జూలై బ్యాచ్‌లో చేరితే మనిషికి 40 వేలు తగ్గిస్తారట, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందంటున్నారు. నా పెన్షన్ 42 వేలు. మావారి పేరున సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఏడాదిన్నర క్రితం 30 లక్షలు వేశాం. బ్యాంకు ఎఫ్‌డీలు 18 లక్షలున్నాయి, అందులో 4 లక్షలది వచ్చే జనవరిలో మెచ్యూర్ అవుతుంది. సొంతిల్లు. ఇంటి ఖర్చు నెలకు 52 వేలు. స్కీమ్‌లోంచి తీయమంటారా, ఈఎంఐ పెట్టుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. జూలై అసలే వద్దు.

డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ తగ్గింపు సంగతి. వియన్నా స్టేట్ ఒపెరా థియేటర్‌లో సీజన్ సెప్టెంబరులో మొదలై జూన్‌తో ముగుస్తుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడ ప్రదర్శనలుండవు. మరి బ్రోచర్‌లో 'ఒపెరా సాయంత్రం' అని ఎలా వేశారు? ఎండాకాలంలో టూరిస్టుల కోసం విగ్గులు, పాతకాలపు కోట్లు వేసుకున్న వాద్యబృందాలు మొజార్ట్, స్ట్రాస్ అనే సంగీతకారుల పేరున్న ముక్కలు నాలుగు వాయిస్తాయి. చాలావరకు అదే అయి ఉంటుంది. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ 1869లో మొజార్ట్ 'డాన్ జొవాన్ని'తో మొదలై, 1945లో బాంబులకు కాలిపోయి, 1955లో బీథోవెన్ 'ఫిడేలియో'తో మళ్లీ తలుపులు తెరిచిన హాల్లో కూర్చోవాలని కదా హిస్టరీ చెప్పిన మీరు వెళ్లేది! ఏ రోజు, ఏ హాలు, ఏ ఒపెరా, ఏ వరుసలో సీటు అన్నది రాతపూర్వకంగా ఇమ్మనండి. సీటు గురించి ఎందుకంటున్నానంటే, ఆ హాలు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. పక్క బాక్సుల్లో వెనక కుర్చీ వస్తే పాట వినపడుతుంది, స్టేజీ సగమే కనపడుతుంది. 'టికెట్ ఇన్‌క్లూడెడ్' అన్న మాటలో అదీ కలిసే ఉంటుంది.

ఇక ఈఎంఐ. జూలై ధర ప్రకారం ఇద్దరికీ 6.9 లక్షలు, అంటే నెలకు 57,500. స్కీమ్ వడ్డీ 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500 అనుకోండి. ఎఫ్‌డీల వడ్డీ పక్కన పెడితే, మీ పెన్షన్‌తో కలిపి 62,500. కిస్తీ పోగా చేతిలో మిగిలేది అయిదు వేలు. ఇల్లు నడవడానికి 52 వేలు కావాలి. ఇంక దాని గురించి మాట్లాడుకునేదేముంది?

సీనియర్ సిటిజెన్స్ స్కీమ్‌లో కావలసినంత మటుకే తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూసెయ్యాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసల్లో 1.5 శాతం కోత, అంటే 45 వేలు పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం, నెలకు లెక్కన వచ్చే ఆ 20 వేలు ఆగిపోవడం. దాని జోలికి వెళ్లకండి.

తగ్గింపు లేకుండా మే నెలలో ఇదే ప్యాకేజీ తీసుకుంటే అసలు ఖర్చెంత? ఇద్దరికీ 7.7 లక్షలు. దానిమీద 5 శాతం జీఎస్టీ, 38,500. విమానం ఇద్దరికీ లక్షన్నర దాకా. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, ఆ పైన సర్వీసు ఛార్జీ, ఇన్సూరెన్స్, కలిపి పాతిక వేలు. ప్యాకేజీలో లేని భోజనాలు, చిల్లర ఖర్చులకు 60 వేలు. మొత్తం సుమారు పదిన్నర లక్షలు. ఇవి కాక టీసీఎస్ ఒకటుంది, అంటే టూర్ అమ్మేవాళ్లు మీ దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. టూర్ ప్యాకేజీల మీద పది లక్షల వరకు 5 శాతం, ఆ పైన 20 శాతం ఉండేదాన్ని 2026 బడ్జెట్‌లో మొత్తానికి 2 శాతం చేశారు. మీకు సుమారు 16 వేలు పడుతుంది. ఇది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది లేదా రిఫండ్ వస్తుంది. మీ ఇద్దరిలో రిటర్న్ వేసేవారి పాన్ ఇచ్చి వాళ్ల ఖాతాలోంచే కట్టండి.

అదే యాత్రను మీరే వేసుకుంటే ఎంతవుతుందో చూద్దాం. యూరో వంద రూపాయల దగ్గర అనుకుందాం. విమానం లక్షన్నర. ఏడు రాత్రులు మంచి హోటల్‌కి లక్ష. ఒపెరా రెండు సాయంత్రాలు, వందేసి యూరోల సీట్లు, 40 వేలు. మ్యూజియంలు 16 వేలు. భోజనాలు 56 వేలు. వీసా, ఇన్సూరెన్స్ పాతిక వేలు. ఊళ్లో ప్రయాణాలకు, మిగతావాటికి 20 వేలు. మరి గైడ్? అక్కడ ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడ్లు దొరుకుతారు, రెండు మూడు గంటలకు 200 యూరోల పైనే తీసుకుంటారు. రెండుసార్లు పెట్టుకుంటే 45 వేలు. అంతా కలిపి నాలుగున్నర లక్షలు, చేతిలో ఉండడానికి ఇంకో యాభై వేలు వేసుకోండి.

గైడ్ దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మల గదికి ఒకసారి తీసుకువెళ్లమనండి. పల్లెటూరి పెళ్లి భోజనం బొమ్మ ఒకటి ఉంటుంది. ఊడదీసిన తలుపు చెక్క మీద గిన్నెలు పెట్టుకుని ఇద్దరు వడ్డనకు మోసుకొస్తుంటారు. అది తలుపు అని చెప్పే మనిషి పక్కన లేకపోతే బల్ల అనుకుని దాటిపోతాం. బెల్వెడేర్ మ్యూజియంలో క్లిమ్ట్ గీసిన 'కిస్' బొమ్మ చూడ్డానికి గైడ్ అక్కర్లేదు, ఎటూ జనం గుంపే దారి చూపిస్తుంది.

భాష టెన్షన్ పెట్టుకోకండి. స్టేట్ ఒపెరాలో సీటు సీటుకీ చిన్న తెర ఉంటుంది, ఇంగ్లీషులో మాటలు వస్తాయి. నిలుచుని చూసే టికెట్లు ఇరవై యూరోల లోపే. ముందొచ్చినవాళ్లు రెయిలింగుకి కండువా కట్టి చోటు పట్టుకుంటారు, మన పల్లెవెలుగు బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టే. మోకాళ్లు ఒప్పుకుంటే ఒక సాయంత్రం అలా చూడండి. మే, జూన్‌లలో కొన్ని ప్రదర్శనలు బయట చౌరస్తాలో పెద్ద తెరమీద ఉచితంగా వేస్తారు, కుర్చీలు కూడా ఉంటాయి.

ఇప్పుడు డబ్బు ఎక్కడినుంచి తేవాలంటే, నెలకు మీకు మిగిలేది 10,500. ఈ నెల నుంచే ఆర్‌డీ కట్టండి. వచ్చే మే నాటికి 1.26 లక్షలు, పైన కాస్త వడ్డీ. జనవరిలో చేతికొచ్చే 4 లక్షల ఎఫ్‌డీ దానికి కలపండి. యాత్ర గట్టెక్కుతుంది, మిగతా 14 లక్షలు కదలవు. అదే ప్యాకేజీకైతే ఇంకో అయిదుంబావు లక్షలు ఎఫ్‌డీల్లోంచి తీయాలి. 7 శాతం అనుకున్నా నెలకు మూడు వేల ఆదాయం శాశ్వతంగా తగ్గినట్టే. అన్నీ ఎవరో చూసుకునే నిశ్చింతకు అంత ఇవ్వగలరా అన్నది మీ ఇష్టం. నేనైతే ఇవ్వను.

క్రెడిట్ కార్డు గీకితే మూడు శాతం పైచిలుకు మార్కప్ (అదనపు ఛార్జీ) పడొచ్చు, విదేశీ డబ్బు ముందే వేసుకునే ఫారెక్స్ కార్డులో యూరోలు రెండు మూడు విడతలుగా వేసుకోండి. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలన్నది వీసా నిబంధన. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాసి, వాటికి కవరేజీ ఉన్న పాలసీయే తీసుకోండి, ప్రీమియం రెండు వేలు పెరిగినా సరే.

ఒపెరా టికెట్లు స్టేట్ ఒపెరా సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. మీవారికి ఒపెరా కొత్తయితే వాగ్నర్ ఒపెరాల జోలికి వెళ్లకండి, కొన్ని నాలుగైదు గంటలు సాగుతాయి. మొజార్ట్‌తోనో పుచ్చీనితోనో మొదలుపెట్టండి. నిలుచుని చూసే సాయంత్రం ఆయన రానంటే బలవంతపెట్టకండి, మీరొక్కరే వెళ్లిరండి.