సీజన్ అయ్యాక మూలన పెట్టిన పెట్రోల్ ఇంజన్ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

మామిడి తోటలో గడ్డి కోయడానికి టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్, బావి నీళ్ళు తోడడానికి ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ పంపుసెట్టు కొన్నామని రాశారు. పని అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉండగానే షెడ్డులో పెట్టేశారు. ఇప్పుడు రెండూ స్టార్ట్ కావడం లేదు. కట్టర్‌కి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చాలా, ఇకముందు వీటిని ఎలా వాడుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నూజివీడు వైపు మామిడి తోటలున్న ఊళ్ళో నాది చిన్న ఇంజన్లు బాగుచేసే షాపు. స్ప్రేయర్లు, కట్టర్లు, పంపుసెట్లు, చిన్న జనరేటర్లు వస్తుంటాయి. నా అనుభవంలో చెప్తున్నాను, కార్బురేటర్ అప్పుడే మార్చకండి. చాలాకాలం పక్కన పెట్టాక మొండికేసిన ఇంజన్లలో చాలావాటికి అసలు ఇంజన్ బాగానే ఉంటుంది. చెడిపోయింది లోపలి పెట్రోలు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. అంటే లీటరులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాలే. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలమంతా సగం ఖాళీ ట్యాంకులో ఉంటే, తేమ ఒక హద్దు దాటాక నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు లాగే పైపు నోరు ఉండేదీ ఆ అడుగునే. పైగా పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది జిగురులా కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో పేరుకుంటుంది. ఈ20కి తట్టుకునేలా చేయని పాత మోడళ్ళలో రబ్బరు పైపులు, డయాఫ్రమ్ (కార్బురేటర్ లోపలి పల్చటి పొర) కూడా గట్టిపడి పాడవుతాయి.

కాబట్టి ముందు కట్టర్ ట్యాంకులోది గాజు సీసాలోకి వంచి చూడండి. మబ్బుగా ఉన్నా, రెండు పొరలుగా కనిపించినా, పులిసిన వాసన వచ్చినా పక్కన పెట్టేయండి. దాన్ని కాలవలో గానీ చెట్టు మొదట్లో గానీ పారబోయకండి. కొత్త పెట్రోలులో ఆయిల్ కలిపి పోసి, ప్రైమర్ బల్బ్ (కార్బురేటర్‌లోకి పెట్రోలు లాగే మెత్తటి బుడ్డ) నొక్కి, చోక్ (గాలి తగ్గించే మీట) వేసి నాలుగైదు సార్లు తాడు లాగండి. స్టార్ట్ కాకపోతే ప్లగ్గు (సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్) విప్పి చూడండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదు. ట్యాంకులోని చిన్న ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపు చిట్లిందా చూడాలి. అవి బాగుంటే కార్బురేటర్ విప్పి క్లీనర్ కొట్టి, డయాఫ్రమ్ కిట్ మారిస్తే చాలా బండ్లు పలుకుతాయి. కిట్‌కయ్యే ఖర్చు కొత్త కార్బురేటర్ ధరలో చిన్న భాగమే. ప్లగ్గు తడిసి ముద్దగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదంటే స్పార్క్ రావడం లేదు. ప్లగ్గు తుడిచి, చోక్ తీసేసి, ప్లగ్గు లేకుండానే కొన్నిసార్లు తాడు లాగితే లోపలిది బయటికి పోతుంది. స్పార్క్ చూడాలనుకుంటే కాసేపు ఆగి, ఆ తడంతా ఆరాక, ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా ఇంజన్ ఇనుముకి ఆనించి చూడాలి. రంధ్రం లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంటే పక్కనే నిప్పురవ్వ పుట్టించడం చాలా ప్రమాదం.

పంపుసెట్టుకైతే కార్బురేటర్ కింద గిన్నె ఉంటుంది. దాని అడుగు స్క్రూ వదులు చేసి పాతదంతా దించేసి, కొత్త పెట్రోలు పోసి చూడండి. ఒక్కోసారి అంతే సరిపోతుంది.

ఆయిల్ సంగతి. కట్టర్‌కి పెట్రోలులోనే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్, డబ్బా మీద 2T అని ఉంటుంది) కలపాలి, అది ఆ ఇంజన్‌కి ప్రాణం. పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. కంటితో అంచనా వేయకండి, కొలత కప్పు వాడండి. ఆయిల్ లేకుండా నడిపితే పిస్టన్ సిలిండర్‌కి పట్టేసి ఇంజన్ సీజ్ అవుతుంది. అది పెద్ద ఖర్చు. మంచిదే కదా అని ఎక్కువ పోస్తే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సర్ నోట్లో కార్బన్ పేరుకుని కట్టర్ బలం తగ్గుతుంది. పంపుసెట్టుకి ఇది వర్తించదు. దాని ట్యాంకులో ఉత్త పెట్రోలే పోయాలి, ఆయిల్ ఇంజన్ అడుగున వేరుగా ఉంటుంది. రోజూ స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌ని సమంగా ఉన్న నేల మీద పెట్టి ఆయిల్ కొలపుల్ల చూసుకోండి. కొత్త ఇంజన్‌కి మొదటి ఆయిల్ మార్పు తొందరగా, సుమారు 20 గంటలకే చేయాలి. కొత్తలో ఇనుము అరిగి రజను అందులో చేరుతుంది. ఆ తర్వాత చాలా మోడళ్ళకి 100 గంటలకోసారి. ఇంకొకటి, పంపులో నీళ్ళు నింపకుండా ఎప్పుడూ స్టార్ట్ చేయకండి. లోపలి సీల్‌ని చల్లగా ఉంచేది ఆ నీళ్ళే. పొడిగా తిరిగితే సీల్ కాలిపోయి నీళ్ళు కారడం మొదలవుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మీద ఒక మాట: మన దుమ్ముకి ఎంత తరచుగా శుభ్రం చేసినా తక్కువే. స్పాంజి రకమైతే సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి.

ఇక భద్రత. ఇంజన్ పోతే డబ్బుతో పోతుంది, ఇది మాత్రం దయచేసి నిదానంగా చదవండి.

మీ పంపుసెట్టు బావి కోసమన్నారు. ఏ సక్షన్ పంపైనా ఆచరణలో ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి నీళ్ళు లాగలేదు. ఎండాకాలం నీళ్ళు దిగిపోగానే కొందరు ఇంజన్‌నే తాళ్ళతో బావిలోకి దింపుతారు. అలా ఎప్పుడూ చేయకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని బావిలో నిమిషాల్లో మనిషిని పడేస్తుంది. ఆపడానికి దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. ఎవరైనా అలా పడిపోతే పైన ఉన్నవాళ్ళు దిగకుండా 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. అన్నదమ్ములు లోపల ఉంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆగాలి. లోతు ఎక్కువైతే నీళ్ళలో మునిగి పనిచేసే కరెంటు సబ్‌మెర్సిబుల్ పంపు మంచి దారి. జనరేటర్‌కీ ఇదే మాట. ఇంట్లో, మూసిన షెడ్డులో, కిటికీ పక్కన వసారాలో పెట్టి నడపకూడదు.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజన్ ఆపి, పది నిమిషాలు చల్లారనివ్వండి. సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న బీడీ నిప్పును కూడా అందుకుంటుంది. పోసిన చోటు నుంచి కనీసం మూడు మీటర్లు పక్కకి జరిగి స్టార్ట్ చేయండి. తాగునీళ్ళ సీసాల్లో పెట్రోలు ఉంచకండి, దాహానికి పిల్లలు ఎత్తి తాగేస్తారు. మూత గట్టిగా బిగిసే డబ్బా వాడి, దాని మీద పేరు రాయండి.

కట్టర్ పట్టేటప్పుడు లుంగీ, మెడలో కండువా వద్దు. ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు ఉండాలి. 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. బ్లేడు రాయికి తగిలితే అది తూటాలా వస్తుంది. అడ్డొస్తోందని చాలామంది గార్డు విప్పేస్తారు, ఆ రాయి ముందు తగిలేది నడిపేవాళ్ళ కాళ్ళకే. తీగ చుట్టుకుంటే ఇంజన్ ఆపి, ప్లగ్గు క్యాప్ పీకేసి, అప్పుడే చెయ్యి పెట్టండి. యాక్సిలరేటర్ వదిలినా బ్లేడు తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సర్దేది) తగ్గించాలి. తగ్గించినా తిరిగితే క్లచ్ స్ప్రింగు పోయినట్టే, బాగయ్యేదాకా వాడకండి. బ్లేడు నట్టుకి చాలా కట్టర్లలో ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

ఈసారి పని అయ్యాక రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఆగేదాకా నడపండి. ప్లగ్గు తీసి రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ వేసి, మెల్లగా రెండుసార్లు తాడు లాగి, ప్లగ్గు బిగించి ఎత్తిపెట్టండి. ఆయిల్ కలిపిన పెట్రోలు ఒక నెలకు మించి నిల్వ ఉంచకండి.

ముందు ట్యాంకు వంచి, ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉందా, తడిగా ఉందా, దాని మొన ఏ రంగులో ఉందో, కట్టర్ మోడల్ ఏమిటో రాస్తే తర్వాత ఏం విప్పాలో చెప్తాను.