జాజ్ కొత్తగా వినేవాళ్లు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ'. అందులోనూ మొదటి ట్రాక్ 'సో వాట్' ఒక్కటే నాలుగైదుసార్లు వినండి, తొమ్మిది నిమిషాల పైచిలుకు ఉంటుంది. అసలు ట్యూన్ వాయించేది బేస్ (మంద్రంగా మోగే పెద్ద తంత్రీవాద్యం), మిగతావాళ్లు రెండు స్వరాలతో 'ఊఁ' కొడతారు. ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ సరిగా వినపడదు, పాట అర్థం కాదు. కాబట్టి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

ట్యూన్ అయ్యాక ట్రంపెట్, టెనర్ శాక్సొఫోన్, ఆల్టో శాక్సొఫోన్, పియానో వరుసగా సోలో తీసుకుంటాయి. మన కచేరీలో పల్లవి పట్టుకుని మనోధర్మం చేసినట్టే అనుకోండి. 32 బార్ల చుట్టు (ఒక్కో బార్ అంటే నాలుగు దెబ్బలు): 16 బార్లు ఖరహరప్రియ స్వరాలే, తర్వాత 8 బార్లు అవే స్వరాలు శ్రుతి అర మెట్టు పైకి, మళ్లీ 8 కిందికి. ఆ పైకెక్కే చోటు చెవికి చిక్కిందంటే సగం పని అయిపోయినట్టే.

రెండోది డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్', అదీ 1959దే. అందులోని 'టేక్ ఫైవ్' ట్రాక్‌లో తకిట-తక అని లెక్కేస్తే అయిదు దెబ్బల తాళం సరిపోతుంది. గొంతు కావాలంటే ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పాడిన 1956 నాటి 'ఎల్లా అండ్ లూయిస్'.

చాలామంది పేరు విని నేరుగా శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్'కి వెళ్లి, జాజ్ అంటే గోల అనుకుని వదిలేస్తారు. అది 1965 నాటి ఫ్రీ జాజ్, అంటే ట్యూన్, తాళం కట్టుబాట్లు పెద్దగా పట్టించుకోకుండా వాయించేది. గొప్పదే, కానీ ఏడాది ఆగండి. వినేటప్పుడు యాప్‌లో షఫుల్ కూడా ఆపేయండి, ట్రాక్‌లు వరుసగా రావాలి.