నీడ నల్లగా లేదు తల్లీ

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రెంచి చిత్రకారుడు సిన్యాక్ 1901-02లో వేసిన, దక్షిణ ఫ్రాన్స్‌లోని సాన్ ట్రోపే రేవు బొమ్మ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. "పడవల కింద నల్లటి నీడలు" అని రాశావు. తల్లీ, ఆయన రంగుల పలకలో నలుపే లేదు! సెరా, సిన్యాక్, వాళ్ల స్నేహితులు నలుపునీ మట్టి రంగుల్నీ దగ్గరికే రానివ్వలేదు. 1899లో సిన్యాక్ పుస్తకం రాసి మరీ చెప్పాడు. బొమ్మ ఎదురుగా పెట్టుకుని నువ్వు నలుపు ఎక్కడ చూశావు? నీడ అనగానే ఆ మాట అలవాటు కొద్దీ వచ్చి కూర్చుంది, నువ్వు లేవమనలేదు.

రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ సంగతి విను. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకం పనికి ఆయన పెద్ద. నల్ల దారానికి నిగ్గు రావడం లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపమేమీ లేదు, దాని పక్కన నేసిన రంగుల వల్ల అలా వెలిసినట్టు కనిపిస్తోంది. పక్క రంగును బట్టి కంటికి రంగు మారుతుందని 1839లో పుస్తకం వేశాడు. సిన్యాక్ తరం దాన్ని గట్టిగా పట్టుకుంది. పసుపు పక్కన ఊదా, నారింజ పక్కన నీలం, కలపకుండా విడివిడిగా పెట్టారు. నీడ వంగపండు రంగులో ఉంది కాబట్టే పక్కన ఎండ అంత వెలుగుతుంది. నువ్వు దాన్ని నలుపు చేసి ఆ ఎండనే ఆర్పేశావు.

నా మొదటి వ్యాసంలో నీడ ఊదాగా ఉందని రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి "వెలుగునీడల దోబూచులాట" అని పెట్టాడు. ముప్పై ఏళ్లయినా మర్చిపోలేదు. అప్పుడు నాకే అనుమానమొచ్చి బస్సెక్కి కాకినాడ రేవుకు వెళ్లాను. ఒడ్డున ఆరేసిన తెల్లటి తెరచాప మీద మోకు నీడ పడుతోంది. నాలుగు గంటలకు బూడిద రంగు. ఎండ పచ్చబడే కొద్దీ నీలంగా మారి, పొద్దువాలే వేళకు ఊదాకు తిరిగింది. చేతిలో టీ చల్లారిపోయింది. ఆ సంపాదకుడు పక్కనుంటే చెయ్యి పట్టుకుని చూపించేవాణ్ణి.

ఇప్పుడింకో ఫ్యాషన్ పట్టుకుంది, బొమ్మను వదిలేసి చిత్రకారుల కష్టాలు రాయడం. నువ్వూ పేజీన్నర సెరా చావుకే ఇచ్చావు. 1891లో 31 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాదే సిన్యాక్ తన పడవలో సాన్ ట్రోపే చేరాడు. అంత చెబితే చాలు. ఆ దుఃఖాన్ని రేవు నిండా పులమకు.

ఏ పత్రికకు పంపాలి, పారితోషికం ఎంత అడగాలి అన్నవి తర్వాత చూద్దాం.

"తెరచాప కొయ్య నీళ్లలో ముక్కలుముక్కలుగా నిలబడింది" అని ఒక్క వాక్యం రాశావు చూడు, దాన్ని ముట్టుకోకు. అది నువ్వు చూసి రాసింది. ఆ ముక్కలు ఒక్కోటీ ఏ రంగులో ఉందో రాసి, నాకే మళ్లీ పంపు.