"వికేంద్రీకృత ప్రభుత్వం" అనొచ్చా? మేమా, మనమా?

సందేహం: మాస్టారూ, నేను ఎడిన్‌బరాలో ఉంటాను. కొవిడ్ టైంలో ఏమేం చేశామని ఇక్కడి స్కాట్లాండ్ ప్రభుత్వం చెప్పుకుంటోందో మా తెలుగువాళ్ళ కోసం తెలుగులో పెడుతున్నా. డివాల్వ్డ్ గవర్నమెంట్‌ని, అంటే లండన్ నుంచి కొన్ని అధికారాలు అందుకుని నడిచే ఇక్కడి ప్రభుత్వాన్ని, "వికేంద్రీకృత ప్రభుత్వం" అని రాశాను, మావారేమో "రాష్ట్ర ప్రభుత్వం" అంటే సరిపోతుందిగా అంటున్నారు. "సవాళ్ళతో కూడిన కాలాల్లో మేము సాధించిన విజయాలు" అనే హెడ్డింగ్ కూడా ఎందుకో అతకట్లేదు.

సమాధానం: అమ్మా, మీకు అతకలేదంటేనే మీ చెవి బాగా పనిచేస్తోందన్నమాట. "వికేంద్రీకృత" అంటే వికేంద్రీకరించినది అని కదా, అక్కడ వికేంద్రీకరణ జరిగింది అధికారానికి, ప్రభుత్వానికి కాదు, ఆ విశేషణం తెచ్చి ప్రభుత్వానికి తగిలిస్తే ఆఫీసులన్నీ తలో ఊళ్ళో పెట్టారేమో అనిపిస్తుంది. ఇక "రాష్ట్రం" అంటే తెలిసినట్టే ఉంటుంది గానీ తప్పుదారి పట్టిస్తుంది. మన రాష్ట్రాల అధికారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోనే, కేంద్రానికేవి రాష్ట్రాలకేవి అని చెప్పే జాబితాల్లో ఉన్నాయి, ఆ జాబితాలు మార్చాలంటే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. స్కాట్లాండ్‌కి అలా కాదు, 1997లో రెఫరెండం పెట్టి 1998లో లండన్ పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చిన అధికారాలవి.

మనం ఊరెళ్తూ ఇంటి తాళం పక్కింటివాళ్ళకి అప్పజెప్తాం చూడండి, తాళం వాళ్ళ దగ్గరున్నా ఇల్లు మనదే, చట్టం లెక్కలో ఇదీ అంతే. స్కాట్లాండ్‌లాగే అధికారాలు అందుకున్న ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీని 2002లో లండన్ సస్పెండ్ చేస్తే 2007 దాకా మళ్ళీ నడవలేదు. అందుకే ఇలా అధికారాలివ్వడాన్ని "బదలాయింపు" అనడం కన్నా "అప్పగింత" అనడం నాకు నచ్చుతుంది, పొలం బదలాయిస్తే ఇక అది మనది కాదు కదా. అయితే ప్రతిచోటా ఈ బరువు మొయ్యక్కర్లేదు, మొదట్లో ఒక్కసారి "లండన్ పార్లమెంటు అప్పగించిన అధికారాలతో నడిచే ప్రభుత్వం" అని చెప్పేసి తర్వాతంతా "స్కాట్లాండ్ ప్రభుత్వం" అనండి చాలు. వాళ్ళు కూడా మొదట ఎగ్జిక్యూటివ్ అనే పిలుచుకుని 2007 నుంచే గవర్నమెంట్ అంటున్నారు.

"కాలాల్లో" అంటే మనవాళ్ళకి ఎండాకాలం వానాకాలం గుర్తొస్తాయి. మనకి గడ్డుకాలం అనే మాట ఉండనే ఉంది, ఏకవచనంలోనే వాడతాం. "గడ్డుకాలంలో" అంటే ఎప్పుడు జరిగిందో చెప్పినట్టు, "గడ్డుకాలంలోనూ" అంటే అంత కష్టంలో కూడా చేశారని, ఆ చివరి దీర్ఘం ఎంత పని చేస్తోందో చూడండి.

అసలు జాగ్రత్త పడాల్సింది "మేము" దగ్గర. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టేస్తారు, తెలుగులో మాత్రం వినేవాళ్ళు లోపలున్నారో బయటున్నారో తేల్చకుండా నోరు తెరవలేం. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళల్లో ఆరేళ్ళలోపు పిల్లలకి వారానికి 10 పౌండ్లు 2021 ఫిబ్రవరిలో మొదలై, 2022 నవంబరుకి 25 పౌండ్లయి పదహారేళ్ళలోపు వాళ్ళదాకా వెళ్ళింది, అది ప్రభుత్వం ఇచ్చిన డబ్బు కాబట్టి "మేం ఇచ్చాం" అనడం న్యాయమే. 22 ఏళ్ళలోపు వాళ్ళకి ఫ్రీ బస్సు కూడా అంతే. కానీ నెలల తరబడి గడప దాటకుండా, అయినవాళ్ళ అంత్యక్రియలకి కూడా వెళ్ళలేక జనం ఓర్చుకున్నారే, దాన్ని కూడా "మేం తట్టుకున్నాం" అని రాస్తే ఆ ఓర్చుకున్నవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టినట్టే, నాకైతే చాలా కష్టంగా ఉంటుంది. అక్కడ "మనం" అని మార్చండమ్మా.