ఇంప్లాంట్ చుట్టూ చీము: శుభ్రం చేయిస్తే సరిపోతుందా, తీయించేయాలా?

మీ అమ్మగారికి నాలుగేళ్ల కిందట వేసిన పంటి ఇంప్లాంట్ (పోయిన పన్ను బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ) చుట్టూ చిగురు వాచి, నొక్కితే చీము వస్తోందని, యాంటీబయాటిక్ కోర్సు వాడినప్పుడల్లా తగ్గి మళ్లీ మొదలవుతోందని రాశారు. ఆవిడకి షుగర్ కూడా ఉందన్నారు. నేను డాక్టర్‌ని కాదు. నా కింది దవడ ఇంప్లాంట్‌కి ఇదే వచ్చి సర్జరీ దాకా వెళ్లింది కాబట్టి తెలిసింది చెప్తున్నాను.

ముందు మాత్రల సంగతి. స్క్రూ మీద చేరిన బ్యాక్టీరియా ఒక పొరగా పేరుకుని, తను తయారుచేసుకున్న జిగురులోనే దాక్కుంటుంది. బయోఫిల్మ్ అంటారు. మింగిన మందు ఆ పొర లోపలికి సరిగ్గా చేరదు. వాపు కొన్నాళ్లు అణుగుతుంది, పొర మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మాడిన గిన్నెని నానబెట్టి వదిలేస్తే మాడు పోతుందా? తోమాల్సిందే. యూరప్ చిగుళ్ల వైద్యుల సంస్థ, యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియోడాంటాలజీ, 2023 మార్గదర్శకాలు కూడా సర్జరీ లేని చికిత్సలో మామూలుగా యాంటీబయాటిక్ మాత్రలు జత చేయొద్దనే సూచించాయి.

తోమడం ఎందుకు కష్టమంటే, స్వీడన్‌లో ఇంప్లాంట్లకి ఆద్యుడైన డాక్టర్ బ్రోనెమార్క్ 1965లో మొదటి పేషెంట్‌కి పెట్టిన స్క్రూలు నున్నటివి. తర్వాత ఎముక త్వరగా పట్టుకోవాలని టైటానియం ఉపరితలాన్ని ఇసుకలాంటి రేణువులతో కొట్టి, యాసిడ్‌తో గరుకు చేయడం మొదలుపెట్టారు. ఎముకకి అది మంచిదే. కానీ ఎముక కరిగి ఆ గరుకు భాగం బయటపడిందంటే, అదే బ్యాక్టీరియాకి ఇల్లు. ఆ గుంటలు మైక్రాన్ల లెక్కలో ఉంటాయి, బ్యాక్టీరియా సైజూ అంతే. పైగా మామూలు పన్నుకి ఉన్నట్టు పంటిలోకి నాటుకున్న పీచు కట్టు ఇంప్లాంట్‌కి ఉండదు. అందుకే ఇన్ఫెక్షన్ తొందరగా కిందికి దిగుతుంది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఎముక కరిగిందా లేదా అన్నది. చిగురు వాపు మాత్రమే అయితే మ్యూకోసైటిస్, క్లీనింగ్‌తో వెనక్కి తగ్గుతుంది. ఎముక పోయి ఉంటే పెరి-ఇంప్లాంటైటిస్. ఇంప్లాంట్ వేసినప్పటి ఎక్స్‌రే పాత క్లినిక్ నుంచి అడిగి తీసుకోండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే ఎంత పోయిందో తెలుస్తుంది. చూపించడం కూడా చిగుళ్ల స్పెషలిస్ట్‌కి, అంటే పీరియోడాంటిస్ట్‌కి చూపించండి.

నాకు ముందు చిగురు తెరవకుండానే క్లీన్ చేశారు. లాభం లేకపోవడంతో మత్తు ఇచ్చి చిగురు విప్పారు. డాక్టర్ తీసిన ఫొటోలో స్క్రూ మరలు నాలుగైదు బయటికి కనిపిస్తున్నాయి, వాటి మధ్య పసుపుపచ్చగా ఒక గట్టి ముక్క. క్యాప్ అతికించినప్పుడు చిగురు కిందకి జారిన సిమెంట్ అది. తీసేవాళ్లు లేక ఇన్నాళ్లూ అక్కడే ఉండిపోయింది! చుట్టూ ఉన్న పాడైన కండ గీకేసి, చిన్న టైటానియం బ్రష్‌ని మెషీన్‌కి తగిలించి, సెలైన్ పోస్తూ ఒక్కో మర తోమారు. నొప్పి లేదు కానీ ఆ గరగర నేరుగా చెవిలోకి వెళ్తుంది. తర్వాత ఎరిథ్రిటాల్ అనే తియ్యటి పొడిని గాలితో కొట్టారు, నోరంతా తియ్యగా అయింది. మామూలు స్టీల్ పరికరాలతో గట్టిగా గీకితే టైటానియం మీద గీతలు పడతాయట. మీరూ దేనితో క్లీన్ చేస్తారో ముందే అడగండి, అడిగితే తప్పేం లేదు.

లేజర్ అంటూ ఎక్కువ ఖర్చు చెప్పే చోట కాస్త ఆగండి. నేను పైన చెప్పిన మార్గదర్శకాల్లోనే, సర్జరీ లేని చికిత్సకి లేజర్‌గానీ, రంగు పూసి కాంతి వేసే ఫోటోడైనమిక్ పద్ధతిగానీ జత చేయమని సిఫార్సు లేదు. స్క్రూకి సన్నటి కరెంటు పంపి, పుట్టే హైడ్రోజన్ బుడగలతో పొరని లేపేసే పద్ధతి ఒకటి స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. నాకు ఆసక్తిగా అనిపించింది, నేను చేయించుకోలేదు. ఏది చేసినా స్క్రూ మీద ఒక్క క్రిమి లేకుండా పోదు. శరీరం తట్టుకోగలిగేంతకి తగ్గించడమే ఇక్కడ లెక్క.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడించండి. నాకు పళ్లు గోధుమరంగుకి తిరిగాయి, టీ రుచి కూడా తెలిసేది కాదు. సర్జరీ తర్వాత చిగురు కొంచెం కిందకి దిగి లోహం కనిపిస్తుంది, అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. రోజూ పళ్ల సందుల్లో తోమే ఇంటర్‌డెంటల్ బ్రష్ తప్పదు, కొన్ని నెలలకోసారి చెకప్ తప్పదు. అమ్మగారి చేతులకి ఆ సన్నటి బ్రష్ పట్టు దొరకకపోతే మొదట్లో మీరే చేసి పెట్టండి. షుగర్ అదుపులోకి రాకుండా సర్జరీకి తొందరపడొద్దు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) రిపోర్ట్ పట్టుకుని వెళ్లండి.

ఇక తీయించేయడం గురించి. పన్ను కదులుతోంటే ముందు అది క్యాప్‌ని ఇంప్లాంట్‌కి పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులవడమో, క్యాప్ ఊడటమో చూపించుకోండి, అవి బిగించుకుంటే పోయేవి. ఎముకలో ఉన్న ఇంప్లాంటే కదులుతోంటే మాత్రం క్లీనింగ్‌కి డబ్బు పెట్టకండి, తీయించేయండి.